నాలుగు నంబర్లు

ఉత్తరాల్లో మనిషి అసలు కొలత కంటే ఎప్పుడూ అంగుళం పొడుగ్గా ఉంటాడు. చేతిరాత గుండ్రంగా కుదిరినవాడైతే మరో అంగుళం కలుస్తుంది. అందుకే ఉత్తరాల మీద పరిచయమైనవాళ్లని మొదటిసారి కళ్లారా చూడటమంటే పెళ్లిచూపులంత గండం. అందులోనూ ఆ మిత్రుడు మీరు ఆశపడే సీటుకే ఆశపడుతున్నవాడైతే ఇక చెప్పేదేముంది! చూడాలనీ ఉంటుంది, చూడకపోతే బాగుండుననీ ఉంటుంది.

వెనకటి వారపత్రికల్లో కలం స్నేహం శీర్షికలు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. పేరు, వయసు, చిరునామా, ఆ పక్కన అభిరుచులు. స్టాంపుల సేకరణ, పాటలు వినడం, స్నేహం చేయడం. స్నేహం చేయడం కూడా ఒక అభిరుచేనా అని మా నాన్నగారు విసుక్కునేవారు. మాది ఆ రకం స్నేహం కాదు. 1991లో పోటీ పరీక్షల మాసపత్రిక ఒకదాని చివరి పేజీలో, "జువాలజీ నోట్సు ఉన్నది, ఫిజిక్సు నోట్సు కావలెను" అని తెనాలి కుర్రాడొకడు రెండు లైన్లు వేయించాడు. పాతసామాన్ల బేరంలా ఉన్న ఆ రెండు లైన్లకి నేను పదిహేను పైసల కార్డు ఒకటి రాశాను. నాలాగే మరో ఇద్దరు రాశారు.

నెల తిరిగేసరికి నలుగురమయ్యాం. తెనాలి, నంద్యాల, పార్వతీపురం, నేను. మాది అంబాజీపేట పక్కన కొబ్బరితోటల మధ్య చిన్న పల్లె. పేరు చెప్పినా బయటివాళ్లకి తెలియదని ఉత్తరం పైన అమలాపురం దగ్గర అని రాసేవాణ్ణి. అంచేత నేను అమలాపురాన్నయిపోయాను. మాలో మాకు ఊరి పేర్లే పేర్లు. "ప్రియమైన తెనాలి గారికి" అని మొదలుపెట్టి, "ఇట్లు, మీ అమలాపురం" అని సంతకం చేసేవాణ్ణి. రెండు మునిసిపాలిటీలు ఉత్తర ప్రత్యుత్తరాలు జరుపుకుంటున్నట్టుండేది వ్యవహారం. మా పోస్ట్‌మ్యాన్ సైకిలు దిగకుండానే, "ఆయ్, నంద్యాల వచ్చిందండి" అని కేకేసేవాడు.

ఇప్పటి పిల్లలకి ఆనాటి లెక్క కాస్త చెప్పాలి. ఇంజనీరింగు, వ్యవసాయం, వైద్యం ఈ మూడు చదువులకీ కలిపి 1986లో ఎంసెట్ వచ్చింది. డాక్టరు కావాలనుకున్నవాడు వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, భౌతిక, రసాయన శాస్త్రాలన్నీ ఒక్క పూటలో కక్కి రావాలి. ఆ ర్యాంకులతో సీట్లు పంచేటప్పుడు 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం రాష్ట్రాన్ని మూడు ప్రాంతాలు చేసేవారు. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర. ఏ ప్రాంతం సీట్లలోనైనా నూటికి 85 ఆ ప్రాంతం వాళ్లకే. శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా మేమంతా ఆంధ్ర ప్రాంతం. మా కలల్లోకి వచ్చే కళాశాలలు నాలుగే. 1923లో పెట్టిన విశాఖపట్నం, 1946లో పెట్టిన గుంటూరు, 1958లో వచ్చిన కాకినాడ రంగరాయ, 1980లో వచ్చిన విజయవాడ సిద్ధార్థ. నంద్యాలది వేంకటేశ్వర ప్రాంతం. అతని కలల్లోకి కర్నూలూ తిరుపతీ వచ్చేవి.

ఈ లెక్క పత్రికలో చదివిన నాడు ఇంట్లో చిన్న చర్చ జరిగింది. నంద్యాల మనకి దాదాపుగా పోటీ కాడు. అతను ఎంత బాగా చదివినా మనకి నష్టం లేదు. తెనాలి, పార్వతీపురం అలా కాదు. వాళ్లకొచ్చే ప్రతి మార్కూ మనకి గుచ్చుకునేదే. నేను రెండు రాత్రులు కూర్చుని రాసిన ఫిజిక్సు నోట్సు కవరులో పెట్టి అంటిస్తుంటే మా నాన్నగారు పడక్కుర్చీలోంచి, "కత్తి నూరి మరీ పంపిస్తున్నావురా ఎదుటివాడికి" అన్నారు. వంటింట్లోంచి మా అమ్మ, "వాళ్ల కత్తులు మనింటికి వస్తున్నాయిగా, లెక్క సరిపోయింది" అంది. నిజమే. తెనాలి జువాలజీ బొమ్మలు ఎంత చక్కగా వేసేవాడంటే, బొద్దింక నోటి భాగాలు చూసి కూడా ముచ్చటేసేది. పార్వతీపురం కెమిస్ట్రీ సమీకరణాలు రాసి, చివర ప్రతిసారీ ఒక ధైర్యవాక్యం పెట్టేవాడు. "భయపడకండి. చదివినది ఎక్కడికీ పోదు. ఇక్కడ అందరూ క్షేమం." అతను మా నలుగురిలోకీ గుండెనిబ్బరం ఉన్నవాడని మేం తీర్మానించుకున్నాం.

1992 వేసవిలో పరీక్ష అయింది. రాసే ముందు ఒకరి హాల్ టిక్కెట్టు నంబరు మరొకరం రాసి పెట్టుకున్నాం. ఎందుకూ అంటే, ఫలితాలు పేపర్లో నంబర్ల వరసన పడతాయి కాబట్టి. ఈ చిన్న ఏర్పాటు ఎంత పెద్ద చిక్కు తెచ్చిందో ఫలితాల రోజున తెలిసింది. అంబాజీపేట సెంటర్లో పేపరు కట్ట బస్సులోంచి పడగానే అందరూ ఒక్కొక్క నంబరు వెతుక్కుంటుంటే నేను కిళ్లీకొట్టు బల్ల మీద పేపరు పరిచి నాలుగు వెతికాను. నాది ఉంది, ర్యాంకు చూస్తే లేనట్టే. నంద్యాలది దర్జాగా ఉంది. తెనాలి, పార్వతీపురం ర్యాంకులు దగ్గర దగ్గరగా, అటూ ఇటూ కాకుండా ఉన్నాయి. పక్కనున్న పెద్దమనిషి, "మీవాళ్లాండి?" అని అడిగాడు. "ఆయ్, మావాళ్లే" అన్నాను. ఎవరినీ అప్పటికి చూడను కూడా లేదు. పార్వతీపురం ర్యాంకు కనిపించినప్పుడు పెదాల మీదికి నవ్వు వచ్చింది. పోటీవాడి ర్యాంకు చూసి నవ్వు ఎందుకొచ్చిందో అప్పుడు ఆలోచించలేదు.

కౌన్సెలింగు విజయవాడలో. నా ర్యాంకుకి సీటు రాదని నాకూ, మా నాన్నగారికీ, మా పోస్ట్‌మ్యాన్‌కీ కూడా తెలుసు. అయినా పిలుపు వచ్చాక వెళ్లకుండా ఎలా? మామూలుగా సీట్ల కంటే ఎక్కువమందినే పిలిచేవారు, ఎవరు రాకపోతారో తెలియదు గనక. పదిహేను రోజుల ముందే నలుగురం ఉత్తరాలు నడిపాం. విజయవాడ బస్టాండులో పొద్దున్న ఏడింటికి కలవాలి, ఆనవాలుగా చేతిలో ఆ నెల మాసపత్రిక పట్టుకోవాలి. ఆలోచన బాగానే ఉంది. తీరా వెళ్లి చూద్దును కదా, బస్టాండులో సగంమంది కుర్రాళ్ల చేతుల్లో ఆ పత్రికే! నలుగురైదుగురిని "మీరు తెనాలాండి?" అని అడిగాను. ఒకాయన, "కాదు, ఏలూరు, ఏం కావాలి?" అని గట్టిగా కసిరాడు.

చివరికి వెనకనుంచి ఎవరో భుజం మీద చెయ్యి వేసి, "ఏం సామీ, నువ్వేనా అమలాపురం?" అన్నారు. నంద్యాల! చీమ తలకాయలంత అక్షరాలు రాసేవాడు, మనిషి చూస్తే తలుపంత ఉన్నాడు. ముందురోజే కర్నూలులో సీటు తీసుకుని, మమ్మల్ని చూడటానికే ఆగిపోయాడట. ఆ తర్వాత తెనాలి వచ్చాడు. ఆరేసి పేజీల ఉత్తరాలు రాసే మహానుభావుడు, "ఊఁ, వచ్చారా" అన్నాడు. అంతే, గంటసేపు మరో మాట లేదు.

ఒక సంగతి చెప్పాలి. ఉత్తరాల్లో నలుగురం ఒకే తెలుగు రాసేవాళ్లం. పాఠ్యపుస్తకం తెలుగు, "మీ లేఖ అందినది, సంతోషము" అనే తెలుగు. నోళ్లు విప్పేసరికి నాలుగు తెలుగులు బయటపడ్డాయి. నేను "ఆయ్" అన్నప్పుడల్లా నంద్యాల పడీ పడీ నవ్వాడు. "యాడికి పోదాం" అని అతనంటే మాకు నవ్వు. అలా నవ్వుకోవడంలోనే "మీరు" పోయి "నువ్వు" వచ్చింది, పది గంటలకి "ఒరేయ్" కూడా వచ్చేసింది. ఏడాది ఉత్తరాలు చేయలేని పని మూడు గంటల్లో అయింది.

పార్వతీపురం మాత్రం కనపడలేదు. కౌన్సెలింగు జరిగే చోట ప్రహరీగోడ పక్కన దొరికాడు. సన్నగా, చొక్కా చేతులు మణికట్టు దాకా రాకుండా, ఫైలు గుండెకి అదుముకుని నిలబడి ఉన్నాడు. చేతులు వణుకుతున్నాయి. మా ముగ్గురికీ ధైర్యం చెప్పినవాడు ఇతనే. పక్కన పంచె కట్టుకుని, తువ్వాలు తలకి చుట్టుకున్న వాళ్ల నాన్నగారు. మమ్మల్ని చూసి చేతులు జోడించబోతే మేమే ఆపేశాం. "మావోడు రాత్రి నుండీ ఏటీ తిన్నేదు బాబూ. మీరైనా సెప్పండి" అన్నారాయన.

"ఇక్కడ అందరూ క్షేమం" అని అతను రాసిన ఉత్తరాలన్నీ నాకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. అందరూ క్షేమం అన్న మాటలో ఎన్ని సంగతులు మడత పెట్టి దాచవచ్చో అప్పుడు చూశాను. ఆ ఏడాది దున్నే జత అమ్మేశారట. ఆ సంగతి అతను చెప్పలేదు, మాటల మధ్య వాళ్ల నాన్నగారు అన్నారు. మా అమ్మ కట్టిచ్చిన పులిహోర పొట్లం విప్పాం. ముందు వద్దన్నాడు. నంద్యాల ఊరుకునే రకం కాదు. "తింటావా, నన్ను తినిపించమంటావా" అని పక్కన కూర్చున్నాడు. తిన్నాడు. రెండో ముద్దకి వణుకు తగ్గింది.

లోపల సంగతి మీకు తెలిసిందే. ర్యాంకుల వారీగా పిలవడం, మిగిలిన సీట్ల అంకెలు తగ్గుతూ పోవడం. బయట తండ్రులందరూ ఆ అంకెల్ని లోపలినుంచి వచ్చినవాళ్ల మొహాల్లో చదువుకునేవారు. తెనాలీ పార్వతీపురం ఇద్దరిదీ ఒకే జాబితా. ముందు పార్వతీపురాన్ని పిలిచారు. కాకినాడలో సీటు దొరికింది. అతను బయటికి వచ్చి వాళ్ల నాన్నగారి కాళ్ల దగ్గర కూలబడ్డాడు. ఆయనకి విషయం అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఇంకా నాలుగు సీట్లున్నాయని చెప్పుకున్నారు. తెనాలి పేరు రావడానికి చాలాసేపు పట్టలేదు. కానీ అతని ముందున్న కుర్రాడితో ఆ జాబితా పూర్తయింది. అంటే, ముందున్నవాళ్లలో ఏ ఒక్కడు ఆ రోజు రాకపోయినా సీటు తెనాలిది.

మేం నలుగురం చెట్టు కింద నిలబడ్డాం. ఏం మాట్లాడాలో ఎవరికి తెలుస్తుంది? పార్వతీపురం తలెత్తలేదు. తప్పేమీ చేయని మనిషి తప్పు చేసినవాడిలా నిలబడటం చూడలేకపోయాం. అప్పుడు తెనాలి, ఆ రోజుకి ఉన్న మాటలన్నీ కూడబెట్టి, ఇలా అన్నాడు. "నాకు ముందు ఎవడో ఒకడు ఉంటాడు గదా. ఎవడో తెలియనివాడైతే రాత్రంతా తిట్టుకునేవాణ్ణి. వీడు రాత్రి నుంచీ తినలేదని తెలిశాక ఎట్లా తిట్టుకుంటాం?"

ఇంతకంటే పెద్ద మాట ఆ పరీక్ష గురించి నేను ఇంతవరకూ వినలేదు.

ఆ సాయంత్రం బస్టాండు బల్ల మీద పార్వతీపురం నాన్నగారు తువ్వాలు ముడి విప్పి డబ్బు లెక్కపెట్టుకున్నారు. కాకినాడలో చేరడానికీ, హాస్టలుకీ, పుస్తకాలకీ కలిపితే మూడు వందలు తక్కువ. తెనాలి తను చేరడానికి తెచ్చుకున్న డబ్బులోంచి మూడు వందలు తీసి ఇచ్చాడు. తోడు వచ్చిన అతని బావగారు కళ్లెర్రజేశారు. "అప్పే బావా" అన్నాడు తెనాలి. అప్పే. ఆ డబ్బు ఏడాదిన్నర మీద మూడు మనియార్డర్లుగా తిరిగి వచ్చింది. మనియార్డరు ఫారం అడుగున రెండు ముక్కలు రాసుకునే చోటుండేది కదా, అక్కడ పార్వతీపురం ప్రతిసారీ "ఇక్కడ అందరూ క్షేమం" అని రాసేవాడట. ఆ మాట నిజమో కాదో తెలుసుకోవడానికి తెనాలి కాకినాడ బస్సెక్కేవాడు.

నేను బాపట్ల వ్యవసాయ కళాశాలలో చేరాను. మనుషుల నాడి పట్టాల్సినవాణ్ణి కొబ్బరిచెట్ల నాడి పట్టుకుంటూ బతికాను. చెట్లు ఫీజు బేరమాడవు, ఆ సుఖం ఉంది. తెనాలి మళ్లీ పరీక్ష రాయలేదు. డిగ్రీ చదివి బ్యాంకులో చేరాడు. పార్వతీపురం కాకినాడలో ఉన్నంతకాలం సంక్రాంతికి మా ఊరు వచ్చేవాడు. అప్పటికి యానాం ఎదుర్లంకల మధ్య వంతెన లేదు, అది 2002లో వచ్చింది. కాకినాడ నుంచి కోటిపల్లికి రైలూ లేదు. 1940లో యుద్ధం రోజుల్లో పట్టాలు పీకేస్తే మళ్లీ 2004లో గాని ఆ దారిన రైలు నడవలేదు. కోటిపల్లిలో బస్సు దిగి, గోదావరి దాటి ముక్తేశ్వరం రేవులో దిగేవాడు. నేను రేవులో సైకిలుతో నిలబడేవాణ్ణి. కనుమనాడు జగ్గన్నతోటలో పదకొండు ఊళ్ల ప్రభలు చూపించాను. కౌశిక నీళ్లలో ప్రభని భుజాల మీద మోసుకొస్తుంటే అతను రెప్ప వేయలేదు. "ఇంతమంది కలిసి మొయ్యకపోతే పడిపోద్ది గదా" అన్నాడు. నేను అవునన్నాను. ఇద్దరం వేరే సంగతి తలచుకుంటున్నామని ఇద్దరికీ తెలుసు.

ఇప్పుడు దారులు మారాయి. 2017 నుంచి మన రెండు రాష్ట్రాల్లోనూ ఎంబీబీఎస్‌కి నీట్ రాయాల్సిందే. మొత్తం 720 మార్కులు. 2024లో దేశంమీద 23 లక్షలమందికి పైగా రాశారు. అమలాపురంలోనే వైద్య కళాశాల ఉంది. కోరుకున్న కళాశాలల వరస ఇంట్లో కూర్చుని కంప్యూటరు మీద పెట్టుకోవచ్చు. సుఖమే. రాత్రంతా బస్సులో కూర్చుని నడుములు విరగ్గొట్టుకున్నవాణ్ణి, ఆ సుఖాన్ని కాదనను. అయితే బస్టాండు బల్ల మీద ఎదుటివాడి తండ్రి డబ్బు లెక్కపెట్టుకోవడం ఆ కంప్యూటర్లో కనిపించదు. ముందున్నవాడు అంకెగానే ఉండిపోతాడు. అంకెని తిట్టుకోవడం తేలిక. తెల్లారాక ఆ తిట్టు తిరిగి మన మీదికే వస్తుంది. ర్యాంకు రాలేదని పిల్లలు ఒంటరిగా గదుల్లో తలుపులు వేసుకున్న వార్తలు చదివినప్పుడల్లా నాకు తెనాలి అన్న మాటే గుర్తొస్తుంది.

మా అక్క మనవరాలు పోయినేడు నీట్ రాసింది. ఫోనులో దానికి ముగ్గురు స్నేహితురాళ్లు. నూజివీడు, సత్తెనపల్లి, బొబ్బిలి. రోజూ ఒకరి మార్కులు ఒకరికి చెప్పుకుంటారు, మొహాలు మాత్రం చూసుకోలేదు. ఒకసారి రాజమండ్రిలో కలుస్తామంటే వాళ్లమ్మ ససేమిరా అంది. ఆ భయం ఊరికే వచ్చింది కాదు, ఆడపిల్లల తల్లి. "పట్టపగలు, నలుగురూ తిరిగే చోట, నేను పక్కన ఉంటాను" అని నేను హామీ ఇచ్చాక ఒప్పుకుంది. అంబాజీపేటలో పొట్టిక్కలు పొట్లం కట్టించుకున్నాను. పనసాకు బుట్టల్లో ఉడికిన ఇడ్లీ కాబట్టి దూరప్రయాణానికి నిలుస్తుంది.

పుష్కరాల రేవు మెట్ల దగ్గర నలుగురూ కలిశారు. నలుగురి వెనకా నలుగురు పెద్దవాళ్లం, పెళ్లివారిలా. పిల్లలు మొదట ఒకరినొకరు చూసుకుని తలలు దించుకున్నారు. నూజివీడు పిల్ల ఫోను తీసి ఏదో చూసుకుంది. సత్తెనపల్లి పిల్ల గోదావరిని మహా శ్రద్ధగా చూసింది. మాటలు ఎక్కడ మొదలుపెట్టాలో ఒక్కరికీ తెలియడం లేదు. మార్కులడిగితే పాత సంగతి, అందరివీ అందరికీ తెలుసు. అంతలో బొబ్బిలి పిల్ల, పొట్టిది, నూనె రాసిన రెండు జడలది, మా మనవరాలి మొహం కేసి చూసి, "ఏటే, అలాగున్నావు? ఏటైనా తిన్నావా లేదా?" అంది.

నేను పొట్టిక్కల పొట్లం విప్పాను.